గేమ్ కన్సోల్‌కి వీపీఎన్ పెట్టడం ఎలా: కొలవడం దగ్గర్నుంచి కరెంటు పోయొచ్చాక చూసుకునేదాకా

వీపీఎన్ అంటే మీ నెట్‌ని వేరే కంపెనీ సర్వర్ మీదుగా, గుప్తంగా పంపే సొరంగం లాంటి దారి. "ప్లేస్టేషన్‌లో వీపీఎన్ యాప్ ఎక్కడుంది?" అని చాలామంది అడుగుతుంటారు. లేదు. ప్లేస్టేషన్ 4, 5, ఎక్స్‌బాక్స్ వన్, సిరీస్ ఎస్, సిరీస్ ఎక్స్, నింటెండో స్విచ్ వేటికీ మామూలు వీపీఎన్ యాప్ రాదు. కాబట్టి వీపీఎన్‌ని కన్సోల్‌కి ముందున్న పెట్టెలో పెట్టాలి. ఆ పెట్టె ల్యాప్‌టాప్ కావచ్చు, రౌటర్ కావచ్చు. కింద చెప్పిన వరసలోనే చేయండి. వరస తప్పితే ఎక్కడ తేడా కొట్టిందో పట్టుకోవడం కష్టం.

## 1. ముందు ఎందుకో తేల్చుకోండి

వీపీఎన్ వల్ల పని జరిగే సందర్భాలు మూడు.

- మీ నెట్ కంపెనీ గేమ్ సర్వర్‌కి చుట్టుదారిలో పంపుతోంది. మధ్యాహ్నం ఆట బాగుంటుంది, రాత్రి 9 దాటితే లాగ్ కొడుతుంది.
- అవతలి ఆటగాళ్లు మీ ఐపీ అడ్రస్ (నెట్‌లో మీ కనెక్షన్ నంబరు) పట్టుకుని దాడి చేసి నెట్ పడగొడుతున్నారు.
- హాస్టల్ లేదా ఆఫీసు క్వార్టర్స్ నెట్‌లో గేమ్ పోర్టులు (గేమ్ డేటా వచ్చిపోయే ద్వారాలు) మూసేశారు. ఇక్కడ ముందు వాళ్ల అనుమతి తీసుకోండి.

పని జరగని సందర్భాలు ఇంకా ఎక్కువ. వైఫై బలహీనంగా ఉంటే వీపీఎన్ ఏమీ చేయలేదు. ఇంట్లో ఎవరో సినిమా డౌన్‌లోడ్ పెడితే ఆట ఆగుతోందా? దానికీ ఇది మందు కాదు.

అమెరికా నుంచి తిరిగొచ్చిన కుటుంబాలు తరచూ అడిగేది ఒకటుంది: "మా అకౌంట్ అమెరికాది, స్టోర్ తెరవాలంటే వీపీఎన్ కావాలా?" అక్కర్లేదు. ప్లేస్టేషన్ స్టోర్ ఏ దేశానిది కనిపించాలన్నది అకౌంట్ తీసుకున్నప్పుడు పెట్టిన దేశాన్ని బట్టి ఉంటుంది, ఐపీని బట్టి కాదు. ఆ దేశాన్ని తర్వాత మార్చుకునే వీలు కూడా లేదు. ఎక్స్‌బాక్స్‌లో మూడు నెలలకోసారి మార్చుకోవచ్చు. నింటెండోలో అకౌంట్ సెట్టింగ్స్‌లోనే మారుతుంది.

వేరే దేశంలో చవగ్గా దొరుకుతోందని అక్కడి మనిషిలా కనబడి గేమ్ కొనడం కోసమైతే నేను వద్దనే చెబుతాను. కంపెనీల నిబంధనలకు అది విరుద్ధం. పట్టుబడితే అకౌంట్‌తో పాటు ఏళ్ల తరబడి కొన్న గేములన్నీ చిక్కులో పడతాయి.

చట్టం సంగతి: భారత్‌లో మామూలు అవసరాలకు వీపీఎన్ వాడటం నేరం కాదు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు మాత్రం జాగ్రత్త. యూఏఈలో నేరం చేయడానికో, దాన్ని దాచడానికో వీపీఎన్ వాడితే 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హామ్‌ల దాకా జరిమానా ఉంది.

## 2. పైసా ఖర్చు పెట్టకముందే కొలవండి

చాలామంది వదిలేసే మెట్టు ఇదే. ఒక కాగితం తీసుకోండి. మూడు రోజుల పాటు, రోజుకి రెండుసార్లు, మధ్యాహ్నం 3కి, రాత్రి 10కి ఇవి రాయండి.

- గేమ్ లోపల చూపించే పింగ్ (డేటా సర్వర్ దాకా పోయి రావడానికి పట్టే సమయం, మిల్లీసెకన్లలో)
- ప్యాకెట్ లాస్ శాతం (దారిలో తప్పిపోయిన డేటా ముక్కలు), గేమ్ చూపిస్తే
- కన్సోల్ నెట్‌వర్క్ టెస్టులో డౌన్‌లోడ్, అప్‌లోడ్ వేగం
- నాట్ టైప్ (బయటి ఆటగాళ్లు మీ కన్సోల్‌తో ఎంత తేలిగ్గా కలవగలరో చెప్పేది)

కొలిచేటప్పుడు కన్సోల్‌కి వైఫై తీసేసి ల్యాన్ కేబుల్ పెట్టండి. నా అనుభవంలో సగం మంది ఇక్కడే ఆగిపోయారు, ఎందుకంటే కేబుల్ పెట్టగానే బాధ తీరిపోయింది. పదిహేను మీటర్ల క్యాట్ 6 కేబుల్ ఏడాది వీపీఎన్ చందా కంటే చవక.

ఇప్పుడు దూరం లెక్క. ఫైబర్‌లో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే 100 కిలోమీటర్ల దూరం పోయి రావడానికి 1 మిల్లీసెకను. హైదరాబాద్ నుంచి ముంబై గీత గీసినట్టు కొలిస్తే 620 కిలోమీటర్లు, అంటే కనీసం 6 మిల్లీసెకన్లు. సింగపూర్ దాదాపు 3,300 కిలోమీటర్లు, కనీసం 33. తీగలు గీత గీసినట్టు ఉండవు కాబట్టి అసలు అంకె ఇంతకంటే ఎక్కువే వస్తుంది. ఏ వీపీఎన్ అయినా దీన్ని దాటలేదు.

మీ పింగ్ ఆ కనీసానికి దగ్గర్లోనే ఉంటే వీపీఎన్ మీకేమీ తగ్గించదు, ఇక్కడే ఆపేయండి. ముంబై సర్వర్‌కి రాత్రిపూట 90, 100 వస్తుంటే మాత్రం దారిలో ఏదో ఉంది. కంప్యూటర్‌లో ట్రేస్‌రూట్ (ప్యాకెట్లు ఏ దారిలో పోతున్నాయో చూపే ఆదేశం) వేసి చూడండి. ముంబై పోవాల్సిన ప్యాకెట్లు సింగపూర్ తిరిగి వస్తుంటే మీకు వీపీఎన్ ఉపయోగపడవచ్చు.

## 3. సర్వీసు ఎంచుకోవడం: "ఇండియా" అని రాసి ఉన్నంత మాత్రాన ఇండియాలో ఉన్నట్టు కాదు

2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ కంపెనీలు వినియోగదారుల పేర్లు, చిరునామాలు, ఐపీల వివరాలు 5 ఏళ్లు దాచాలి. దాంతో ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్ వీపీఎన్ లాంటివి ఇక్కడి సర్వర్లు ఎత్తేశాయి. వాటిలో కొన్ని "ఇండియా" అన్న పేరుతో వర్చువల్ సర్వర్లు ఇస్తున్నాయి. ఐపీ భారత్‌దే, మిషను మాత్రం సింగపూర్‌లోనో బ్రిటన్‌లోనో ఉంటుంది.

గేమర్‌కి దీని అర్థం ఏమిటో చూడండి. మీరు హైదరాబాద్‌లో, గేమ్ సర్వర్ ముంబైలో, వీపీఎన్ "ఇండియా" సర్వర్ సింగపూర్‌లో. సింగపూర్ దాకా పోయి రావడానికి 33, అక్కణ్నుంచి ముంబై పోయి రావడానికి ఇంకో 39. కనీసం 6 రావాల్సిన చోట కనీసం 72. నేను మొదటిసారి ఏడాది ప్లాన్ తీసుకున్నప్పుడు ఈ సంగతి తెలియక, ఆ పెరిగిన పింగ్‌కి కారణం వెతుకుతూ వారం రోజులు రౌటర్ సెట్టింగులు మార్చాను. తప్పు సెట్టింగుల్లో లేదు.

అడగాల్సినవి:

- సర్వర్ మిషను ఏ ఊళ్లో ఉంది? వర్చువలా, అసలుదా?
- వైర్‌గార్డ్ (తేలికైన వీపీఎన్ పద్ధతి) కాన్ఫిగ్ ఫైల్, అంటే సెట్టింగుల ఫైల్ ఇస్తారా? యాప్ మాత్రమే ఇచ్చేవాళ్లు రౌటర్‌కి పనికిరారు.
- డబ్బు వాపసు గడువు ఎన్ని రోజులు? పెద్ద కంపెనీలు చాలావరకు 30 రోజులు ఇస్తాయి.
- పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే డేటాని మీ పరికరానికి చేర్చే వీలు) ఉందా?

ముంబై సర్వర్‌లో ఆడేవాళ్లు భారత్‌లోనే మిషను ఉన్న సర్వీసు చూడాలి. అలాంటప్పుడు 5 ఏళ్ల రికార్డు నిబంధన దానికి వర్తిస్తుందని తెలిసే తీసుకోండి. సింగపూర్ సర్వర్‌లో ఆడేవాళ్లకి సింగపూర్ వీపీఎన్ సరిపోతుంది. ఉచిత వీపీఎన్‌లు ఆటకి వద్దు. ఒక్కో సర్వర్ మీద మోయలేనంత మంది ఉంటారు.

## 4. ముందు ల్యాప్‌టాప్‌తో పరీక్షించండి

రౌటర్ కొనకముందు ఒక వారం ఇలా ఆడి చూడండి. విండోస్ 10 లేదా 11 ల్యాప్‌టాప్ కావాలి.

1. ఫైబర్ బాక్స్ నుంచి ల్యాప్‌టాప్‌కి ల్యాన్ కేబుల్ పెట్టండి. అదే వైఫైతో నెట్ తీసుకుని అదే వైఫైతో పంచితే వేగం బాగా పడిపోతుంది.
2. వీపీఎన్ యాప్ కనెక్ట్ చేయండి. హాట్‌స్పాట్ దీని తర్వాతే.
3. సెట్టింగ్స్‌లో మొబైల్ హాట్‌స్పాట్ ఆన్ చేయండి. బ్యాండ్ 5 గిగాహెర్ట్జ్ పెట్టండి. పవర్ సేవింగ్ ఆపేయండి.
4. కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ కనెక్షన్ల జాబితా తెరవండి. హాట్‌స్పాట్ వల్ల కొత్తగా వచ్చిన "లోకల్ ఏరియా కనెక్షన్" పేరు, పక్కనున్న అంకె గుర్తుపెట్టుకోండి.
5. అదే జాబితాలో వీపీఎన్ అడాప్టర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో షేరింగ్ ట్యాబ్‌కి వెళ్లండి. పంచుకోవడానికి అనుమతించే గడిలో టిక్ పెట్టి, కింద ఇందాకటి అంకె ఉన్న కనెక్షన్ ఎంచుకోండి.
6. ముందు ఫోన్‌ని ఆ హాట్‌స్పాట్‌కి కలపండి. మొబైల్ డేటా ఆపేసి, బ్రౌజర్‌లో మీ ఐపీ ఏ దేశానిదో, ఏ కంపెనీదో చూడండి. మీ నెట్ కంపెనీది కాకుండా వీపీఎన్ ఐపీ కనిపిస్తేనే కన్సోల్‌ని కలపండి.

ఆరో మెట్టు వదలకండి. ఐపీ మారకుండానే వారం ఆడి "వీపీఎన్ వల్ల ఏం లాభం లేదు" అనేసినవాళ్లు ఉన్నారు.

ఫోన్‌కి నెట్ రాకపోతే అనుమానించాల్సింది వీపీఎన్ యాప్‌లోని కిల్ స్విచ్‌ని. సొరంగంలోంచి పోని ప్రతిదాన్నీ అది ఆపేస్తుంది, కొన్నిసార్లు హాట్‌స్పాట్‌ని కూడా. లోకల్ నెట్‌వర్క్‌ని అనుమతించే సెట్టింగ్ ఉంటే ఆన్ చేయండి, లేదంటే కిల్ స్విచ్ ఆపి చూడండి. ల్యాప్‌టాప్ రీస్టార్ట్ అయ్యాక షేరింగ్ టిక్ పోతుంటుంది. తీసి మళ్లీ పెడితే సరి.

ఫోన్‌లో వీపీఎన్ ఆన్ చేసి ఫోన్ హాట్‌స్పాట్‌తో ఆడుదామని చాలామంది ప్రయత్నిస్తారు. మామూలు ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ హాట్‌స్పాట్‌కి కలిసిన పరికరాల డేటా వీపీఎన్‌లోంచి పోదు, పక్కనుంచి పోతుంది. మ్యాక్‌లో ఇంటర్నెట్ షేరింగ్ కూడా చాలా వీపీఎన్ యాప్‌లతో కుదరదు.

స్మార్ట్ డీఎన్ఎస్ అని అమ్మేది వేరే సరుకు. అది కొన్ని వీడియో యాప్‌ల అడ్రసులను మాత్రమే దారి మళ్లిస్తుంది. ఐపీ దాచదు, గేమ్ దారి మార్చదు.

వారం అయ్యాక మళ్లీ కొలవండి. రాత్రి 10 గంటల అంకెలు తగ్గితేనే రౌటర్ దాకా వెళ్లండి.

## 5. రౌటర్‌లో శాశ్వతంగా పెట్టడం

### 5.1 సరైన రౌటర్

నెట్ కంపెనీ ఇచ్చిన ఫైబర్ బాక్సులో వీపీఎన్ పెట్టే వీలు సాధారణంగా ఉండదు. దాని వెనక మీ సొంత రౌటర్ పెట్టాలి.

అట్టపెట్టె మీద మూడు మాటలు కనిపిస్తాయి, మూడూ వేరు. "వీపీఎన్ సర్వర్" అంటే బయటి నుంచి మీ ఇంట్లోకి రావడానికి. "వీపీఎన్ పాస్‌త్రూ" అంటే లోపలి పరికరం పెట్టుకున్న వీపీఎన్‌ని అడ్డుకోకుండా వదలడం. మీకు కావాల్సింది "వీపీఎన్ క్లయింట్", అందులోనూ వైర్‌గార్డ్ క్లయింట్. కొనేముందు దుకాణంలో ఈ మాట పలికి అడగండి.

జీఎల్ ఐనెట్ చిన్న రౌటర్లలో ఇది ముందే ఉంటుంది. ఆసుస్‌లో చాలా మోడళ్లలో వీపీఎన్ ఫ్యూజన్ పేరుతో వస్తుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రౌటర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించగలిగితే ఇంకా చాలా వాటిలో పెట్టుకోవచ్చు.

ఓపెన్ వీపీఎన్ అనే పాత పద్ధతి కంటే వైర్‌గార్డ్ ఎందుకంటే, చిన్న రౌటర్ ప్రాసెసర్ మీద ఓపెన్ వీపీఎన్ చాలా బరువు. 100 ఎంబీపీఎస్ నెట్ ఉన్నా నాలుగోవంతు కూడా రాని రౌటర్లు ఉన్నాయి. వైర్‌గార్డ్ అదే పెట్టెలో ఎంతో తేలిగ్గా నడుస్తుంది.

### 5.2 తీగలు కలిపే వరస

1. ఫైబర్ బాక్స్ ల్యాన్ పోర్టు నుంచి కొత్త రౌటర్ వ్యాన్ పోర్టుకి (బయటి నెట్ వచ్చే పోర్టు) కేబుల్.
2. రెండు పెట్టెల లోపలి అడ్రస్ ఒకటే కాకూడదు. ఫైబర్ బాక్స్ 192.168.1.1 అయితే కొత్తది 192.168.8.1 లాగా వేరే ఉండాలి. ఒకటే అయితే నెట్ వచ్చినట్టే వచ్చి పోతుంటుంది.
3. వీపీఎన్ లేకుండా కొత్త రౌటర్‌లో నెట్ వస్తోందో లేదో చూడండి. వచ్చాకే తర్వాతి మెట్టు.
4. కన్సోల్‌ని కొత్త రౌటర్‌కి కేబుల్‌తో కలపండి.

### 5.3 వైర్‌గార్డ్ ఎక్కించడం

1. వీపీఎన్ కంపెనీ వెబ్‌సైట్‌లో మీ అకౌంట్‌లోకి వెళ్లి, రౌటర్ కోసం వైర్‌గార్డ్ కాన్ఫిగ్ ఫైల్ తయారు చేసుకోండి. అదే ఫైల్‌ని ఫోన్‌లోనూ వాడకండి. ఒకే తాళంచెవి (ఫైల్‌లోని రహస్య కీ) రెండు చోట్ల వాడితే రెండూ ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి.
2. రౌటర్ పేజీలో వీపీఎన్ క్లయింట్ దగ్గర ఆ ఫైల్ అప్‌లోడ్ చేసి ఆన్ చేయండి.
3. కొత్త రౌటర్‌లో ఐపీవీ6 (కొత్తరకం ఐపీ అడ్రసులు; పాతరకం ఐపీవీ4) ఆపేయండి. మన దగ్గర చాలా నెట్ కంపెనీలు ఐపీవీ6 ఇస్తున్నాయి. వీపీఎన్ ఐపీవీ4 మాత్రమే మోస్తుంటే మిగతాదంతా సొరంగం బయటే పోతుంది.
4. ఫోన్‌ని ఈ రౌటర్ వైఫైకి కలిపి ఐపీ చూసుకోండి.

### 5.4 కన్సోల్‌కి మాత్రమే, ఇల్లంతటికీ కాదు

ఇంట్లో అందరి నెట్‌నీ వీపీఎన్‌లోకి తోస్తే బ్యాంక్ యాప్‌లు మొరాయిస్తాయి, అమ్మ టీవీలో సీరియల్ ఆగుతుంది, ఇంట్లో గొడవ మొదలవుతుంది. కన్సోల్ ఒక్కదాన్నే పంపండి.

కన్సోల్ మ్యాక్ అడ్రస్ (పరికరం గుర్తింపు నంబరు) రాసుకుని, రౌటర్‌లో దానికి స్థిరమైన ఐపీ ఇవ్వండి. తర్వాత జీఎల్ ఐనెట్‌లో వీపీఎన్ పాలసీ దగ్గర, ఆసుస్‌లో వీపీఎన్ ఫ్యూజన్ దగ్గర ఆ పరికరం ఒక్కదాన్నే ఎంచుకోండి. వైఫైకి, కేబుల్‌కి మ్యాక్ అడ్రసులు వేరువేరుగా ఉంటాయి. మీరు వాడేది ఏదో అదే రాయండి.

80, 100 జీబీ గేమ్ డౌన్‌లోడ్ చేసేటప్పుడు పాలసీ తీసేయండి. డౌన్‌లోడ్‌కి వీపీఎన్‌తో పనిలేదు, వేగం తగ్గడం తప్ప.

### 5.5 ఎంటీయూ

ఎంటీయూ అంటే ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ సైజు, బైట్లలో. వైర్‌గార్డ్ మామూలుగా 1420 పెట్టుకుంటుంది. మీ నెట్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే పీపీపీఓఈ రకమైతే అసలు లైన్ 1492 దగ్గరే ఆగుతుంది. వీపీఎన్ సర్వర్‌తో మాట్లాడేది ఐపీవీ4 మీదైతే 1420 ఇమిడిపోతుంది, ఐపీవీ6 మీదైతే 1412కి తగ్గించాలి. లాగిన్ అవుతుంది గానీ మ్యాచ్ లోడింగ్ దగ్గర వేలాడుతుంటే 1400 పెట్టి చూడండి. ఎక్స్‌బాక్స్‌కి కనీసం 1384 కావాలి, అంతకంటే దిగకండి.

## 6. కన్సోల్‌లో చూసుకోవాల్సినవి

కన్సోల్ వైపు పని తక్కువే.

- ప్లేస్టేషన్ 5: సెట్టింగ్స్, నెట్‌వర్క్, అక్కడ కనెక్షన్ టెస్ట్. ప్రాక్సీ సర్వర్ గడి ఖాళీగా వదిలేయండి. వీపీఎన్ వివరాలు రాసే చోటు అది కాదు.
- ఎక్స్‌బాక్స్: సెట్టింగ్స్, జనరల్, నెట్‌వర్క్ సెట్టింగ్స్, అక్కడ నెట్‌వర్క్ టెస్ట్, నాట్ టెస్ట్ రెండూ.
- స్విచ్: సిస్టమ్ సెట్టింగ్స్, ఇంటర్నెట్, కనెక్షన్ టెస్ట్.

డీఎన్ఎస్ (సైట్ల పేర్లని ఐపీ అడ్రసులుగా మార్చేది) ఆటోమేటిక్‌లోనే ఉంచండి. వీపీఎన్ మార్చిన ప్రతిసారీ కన్సోల్‌ని రెస్ట్ మోడ్ కాకుండా పూర్తిగా ఆపి, మళ్లీ ఆన్ చేయండి.

## 7. నాట్ టైప్: ఎక్కువ మంది చిక్కుకునే చోటు

స్నేహితుడి మాట వినపడదు, లాబీలోకి చేరలేరు. అప్పుడు చూడాల్సింది ఇది.

- ప్లేస్టేషన్: టైప్ 2 చాలు, టైప్ 3 అయితే ఇబ్బంది.
- ఎక్స్‌బాక్స్: ఓపెన్ మంచిది, మోడరేట్ ఫర్వాలేదు, స్ట్రిక్ట్ వద్దు.
- స్విచ్: ఎ, బి మంచివి. డి అయితే జత దొరకడం కష్టం.

వీపీఎన్ ఆన్‌లో ఉన్నప్పుడు మీ రౌటర్‌లో యూపీఎన్‌పీ (పోర్టులు వాటంతటవే తెరుచుకునే సెట్టింగ్) ఆన్ చేసినా, ఫైబర్ బాక్స్‌లో పోర్టులు తెరిచినా లాభం లేదు. సొరంగం అవతలి కొస వీపీఎన్ కంపెనీ దగ్గర ఉంది, నాట్ టైప్ తేలేది అక్కడ. పోర్ట్ ఫార్వర్డింగ్ కావాలంటే ఇచ్చే కంపెనీనే తీసుకోవాలి. ప్రోటాన్ వీపీఎన్ డబ్బు కట్టిన ప్లాన్లలో, ఎయిర్ వీపీఎన్ ఇస్తున్నాయి. ముల్వాడ్ 2023లో ఆపేసింది. వాళ్లు ఇచ్చే పోర్టు నంబరు వేరేగా ఉంటుంది. ఎక్స్‌బాక్స్ సాధారణంగా యూడీపీ 3074 పోర్టు వాడుతుంది. ఎక్స్‌బాక్స్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో వేరే పోర్టు ఎంచుకునే వీలుంది, రెండూ కలిసేలా చూసుకోవాలి.

వీపీఎన్ లేకుండానే నాట్ స్ట్రిక్ట్ వస్తుంటే, ఫైబర్ బాక్స్ వ్యాన్ ఐపీ చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీ నెట్ కంపెనీ ఒకే ఐపీని చాలా ఇళ్లకు పంచుతోంది. మీ బాధ ఇదొక్కటే అయితే వీపీఎన్ కంటే నెట్ కంపెనీని స్టాటిక్ ఐపీ అడగడం నయం. పింగ్ పెరగదు, మధ్యలో ఇంకో కంపెనీ ఉండదు.

## 8. తరచూ వచ్చే చిక్కులు

కరెంటు పోయొచ్చాక వీపీఎన్ కలవడం లేదు. చిన్న రౌటర్లలో గడియారానికి బ్యాటరీ ఉండదు. కరెంటు వచ్చాక టైమ్ వెనక్కి పోతుంది. వైర్‌గార్డ్ పాత సమయంతో వచ్చిన పిలుపుని నమ్మదు. టైమ్ సరిచేసుకోవడానికి నెట్ కావాలి, కిల్ స్విచ్ ఉంటే నెట్ సొరంగంలోంచే రావాలి. అలా రెండూ ఒకదానికోసం ఒకటి ఎదురుచూస్తాయి. వీపీఎన్ ఆపి, రౌటర్ పేజీలో టైమ్ సరిగ్గా వచ్చాక మళ్లీ ఆన్ చేయండి. ఎండాకాలం కోతలున్న ఊళ్లో ఫైబర్ బాక్స్‌కీ రౌటర్‌కీ కలిపి 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టుకోవడం మంచిది. కొనేముందు రెండు అడాప్టర్ల మీద వోల్టులు చూసుకోండి. కొన్ని చిన్న రౌటర్లు 5 వోల్టులవి.

వేగం బాగుంది, పింగ్ మాత్రం గెంతుతోంది. వీపీఎన్ సర్వర్ రద్దీగా ఉంది. అదే ఊళ్లో వేరే నంబరు సర్వర్‌కి మారండి.

లాగిన్ అడ్డుకుంటోంది. ఆ ఐపీ మీద ఇంకెవరో పాడుపని చేసి ఉండొచ్చు. సర్వర్ మార్చండి. పదే పదే పాస్‌వర్డ్ కొట్టకండి. రోజుకో దేశం మార్చడం కూడా అకౌంట్ భద్రతా వ్యవస్థకి అనుమానం తెస్తుంది. ఒకటే ఊరు పెట్టుకుని ఉండండి, టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్‌లో ఉంచండి.

ఎక్స్‌బాక్స్ డబుల్ నాట్ అంటోంది. వీపీఎన్ పాలసీ తీసి ఆడినప్పుడు రెండు రౌటర్ల వల్ల ఇది వస్తుంది. ఫైబర్ బాక్స్‌ని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి నెట్‌ని నేరుగా వదిలే పద్ధతి) పెట్టమని నెట్ కంపెనీని అడగండి, లేదా ఫైబర్ బాక్స్ డీఎంజెడ్‌లో (బయటి నుంచి వచ్చేదంతా ఒకే పరికరానికి పంపే సెట్టింగ్) మీ రౌటర్ ఐపీ రాయండి.

నెట్‌వర్క్ మార్చాక ఎక్స్‌బాక్స్ కలవడం లేదు. అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఆల్టర్నేట్ మ్యాక్ అడ్రస్ దగ్గర క్లియర్ నొక్కి రీస్టార్ట్ చేయండి.

## 9. ఇరవై ఐదో రోజు

వాపసు గడువు 30 రోజులైతే, ఇరవై ఐదో రోజుకి ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఆ రోజు మొదటి కాగితం బయటికి తీసి మళ్లీ కొలవండి.

- రాత్రి 10 గంటల పింగ్ పాతదాని కంటే తగ్గిందా?
- ప్యాకెట్ లాస్ తగ్గిందా?
- నాట్ టైప్ దిగజారలేదు కదా?
- వీపీఎన్ ఆపేసి ఆడితే తేడా నిజంగా తెలుస్తోందా?

నాలుగింటిలో మొదటి రెండూ, చివరిదీ "లేదు" అయితే ఆ రోజే డబ్బు వాపసు అడగండి. ఆటో రెన్యువల్ కూడా అప్పుడే ఆపేయండి.